అమ్మ పాదానికి నేల తెలిసేదాకా

పొద్దున్నే సింకు దగ్గర మొహానికి సబ్బు రాసుకుంటూ అమ్మ కళ్లు మూసుకుంది. అంతే, పక్కకి ఒరిగి పడిపోయింది. అదృష్టం, మోచెయ్యి గీరుకోవడంతో పోయింది. "కాళ్ల కింద దూది పరిచినట్టుందిరా" అని ఏడాదిగా అంటూనే ఉంది. మొదట చూపించిన చోట వయసన్నాక మామూలేనని బిళ్లలు రాసిచ్చారు. నేనూ నమ్మేశాను.

పైగా ఎవరో చెప్పారని గులకరాళ్ల చాప కొనుక్కొచ్చి, బ్రాడీపేటలో మా డాబా మీద ఉత్తికాళ్లతో నడిపించాను. మూడో రోజు చూస్తే బొటనవేలి కింద పుండు! ఆవిడకి నొప్పే తెలియలేదు. పద్దెనిమిదేళ్ల షుగర్ మరి.

ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు ముందు ఆ చాపని అటకెక్కించారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుని పాదానికి ఆనిస్తూ, "తగిలినప్పుడల్లా చెప్పండమ్మా" అన్నారు. అమ్మ కళ్లు మూసుకుని కాసేపు చూసి, "ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అంది. అప్పటికే ఐదు చోట్ల ఆనించేశారు. నాకు నోట మాట రాలేదు.

నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాలు మూడూ మెదడుకి కబురు పంపాలట. అమ్మ పాదాలు ఎప్పుడో మానేశాయి, కళ్లతో నెట్టుకొస్తోంది. సబ్బు గొడవ అదన్నమాట.

పుండు మానాక అసలు పని మొదలైంది. కుర్చీలో కూర్చుని, చూడకుండా, కాలి కింద ఉన్నది తువ్వాలో గోనెసంచో బియ్యమో చెప్పాలి. తర్వాత వరండాలో గోడకి వేలు ఆనించి నడక. బరువు మోపకూడదు, తాకితే చాలు. నాకు నవ్వొచ్చింది. కానీ అంతమాత్రం స్పర్శకే ఒళ్లు ఊగడం తగ్గుతుందని 1994లోనే ప్రయోగాల్లో తేలిందట. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నేనూ చేసి చూశాను, నిజమే.

అడుగుల లయ కోసం ఫోన్‌లో టిక్‌టిక్ పెడితే, "గడియారం మింగినట్టుంది" అని విసుక్కుంది. దాని బదులు "రామ, రామ" అనుకుంటూ నడుస్తోంది. రా అంటే కుడి, మ అంటే ఎడమ.

పైకి తెలియనంత సన్నగా కంపించే ఇన్‌సోల్స్ (బూట్ల లోపల వేసుకునే మెత్తలు) మీద నిలబడితే పెద్దవాళ్లు తూలడం తగ్గిందని 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అరండల్‌పేట షాపుల్లో అడిగితే నాకు సిలికాన్ మెత్తలు చూపించారు. ఊరుకున్నాను.

కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోడానికి మొదట్లో 23 సెకన్లు పట్టేది, మూడు నెలలకి 16 అయింది. 12 దాటితే పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క కాబట్టి చేతికర్ర ఇంకా ఉంది. పోగు పరీక్ష ఇప్పటికీ తప్పుతోంది.

మొన్న పొద్దున సింకు దగ్గర చూశాను. ఒక చేత్తో సబ్బు రాసుకుంటోంది, రెండో చేతి చూపుడువేలు టైల్ మీద ఉంది. కళ్లు మూసే ఉన్నాయి.