అమ్మ ఫోన్‌లో పిల్లి

మా అమ్మకి పిల్లులంటే అస్సలు పడదు. పెరట్లోకి ఒకటి తొంగి చూసిందంటే చాలు, చీపురు పట్టుకుని బయల్దేరుతుంది, పాలగిన్నె మూత మీద బరువు పెట్టందే పడుకోదు. అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతోంది, ఏమయిందమ్మా అంటే ఫోన్‌లో పిల్లికి ఆకలేస్తోందని మెసేజ్ వచ్చిందట.

ఇదంతా మా మేనకోడలి పుణ్యం. సెలవులకి అక్క పిల్లల్ని తీసుకుని గుణుపూర్ నుంచి పర్లాకిమిడి వచ్చినప్పుడు, వాళ్ళమ్మ ఫోన్ ఇవ్వట్లేదని అమ్మమ్మ ఫోన్‌లో మై టాకింగ్ టామ్ అని పిల్లిని పెంచే ఆట వేసుకుంది. రైలెక్కేటప్పుడు "అమ్మమ్మా, నేను మళ్ళీ వచ్చేదాకా నువ్వే చూసుకోవాలి" అని అప్పజెప్పి మరీ వెళ్ళింది. అమ్మ సరేనంది. అమ్మ సరేనంటే ఇక అంతే, పక్కింటివాళ్ళు ఊరెళ్తూ తులసికోటకి నీళ్ళు పొయ్యమన్నా వర్షంలో కూడా వెళ్ళి పోసొచ్చే రకం.

ఆ పిల్లికి తిండి పెట్టాలి, టాయిలెట్‌కి తీసుకెళ్ళాలి, నిద్రొస్తే గదిలో దీపం ఆర్పాలి. మనం ఏమంటే అది కీచు గొంతుతో తిరిగి అంటుంది. "ఏటిరా నీ గోల, ఇప్పుడే కదా పెట్టేను" అని అమ్మ విసుక్కుంటే, అదీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "ఏటిరా నీ గోల, ఇప్పుడే కదా పెట్టేను" అంటుంది. అమ్మకి నవ్వాగదు, ఆ నవ్వు కూడా అది తిరిగి నవ్వుతుంది. ఎదురింటి ఒడియా ఆవిడ కరివేపాకు కోసం వచ్చి తన భాషలో ఏదో అంది, అది ఒడియాలోనూ అప్పజెప్పింది. మా వీధిలో సగం తెలుగు, సగం ఒడియా, రెండూ ఎవరి యాసలో వాళ్ళకి తిరిగి చెప్పగలిగింది ఇన్నాళ్ళకి ఈ పిల్లొక్కటే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మకి అసలు సంగతి చెప్పాను. అది చావదమ్మా, నెల రోజులు ముట్టుకోకపోయినా మొహం వేలాడేసుకుని ఉంటుందంతే, మనం ఫోన్ తియ్యాలనే అలా మెసేజ్‌లు పంపిస్తారు, మధ్యలో ప్రకటనలు చూపించుకోడానికి అని. అమ్మ మజ్జిగన్నం కలుపుకుంటూ, "చావదు కదా అని అన్నం పెట్టడం మానేస్తామేటి?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఈ గొడవ మా ఇంట్లోనే మొదలు కాలేదులెండి. 1996లో జపాన్‌లో బందాయ్ కంపెనీ తమగోచి అని గుడ్డు ఆకారంలో ఒక బొమ్మ తెచ్చింది, చిన్న తెర, కింద మూడు బటన్లు, లోపల చుక్కలతో గీసిన ఒక ప్రాణి. మొదట్లో వచ్చిన వాటిని కాసేపు ఆపుదామంటే ఆగేవి కావు, కొన్ని గంటలు పట్టించుకోకపోతే నిజంగానే చచ్చేవి. పిల్లలు బడికి తెస్తే టీచర్లు ఊరుకునేవారు కాదు, అందుకని చాలామంది ఇంట్లో తల్లులకి అప్పజెప్పి వెళ్ళేవారట. అంటే మా అమ్మ చేస్తున్న ఉద్యోగం ఎప్పట్నుంచో ఉన్నదే. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ షెర్రీ టర్కిల్ ఇలాంటి బొమ్మలతో ఆడుకునే పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. అది ఎంత తెలివైనది అన్నది పిల్లలకి పెద్ద లెక్కలోది కాదు, నన్ను చూసుకో అని అడిగితే చాలు, మనసు అటు వెళ్ళిపోతుంది అని ఆవిడ మాట. బడిలో నేనూ చూస్తూనే ఉన్నాను, మొక్కకి నీళ్ళు పోసే వంతు ఎవరిదైతే ఆ వారమంతా ఆ మొక్క వాడిదే, ఇంకొకడు ఆకు తుంపాడో కొట్లాటే.

అయితే అడగడం ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. సాయంత్రం అక్క ఫోన్ చేసింది, మేనల్లుడికి ముద్ద దిగట్లేదని. వాడి కుక్క పోయిందట, మైన్‌క్రాఫ్ట్‌లో. అక్కకి నవ్వాలో తిట్టాలో తెలియట్లేదు. వాణ్ణి మాట్లాడించాను. ఆ ఆటలో అడవిలో తోడేలు కనిపిస్తే ఎముకలు పెడుతూ పోవాలి, ఎన్నో ఎముకకి లొంగుతుందో చెప్పలేం, లొంగగానే మెడలో ఎర్ర పట్టీ వస్తుంది, ఇక అది మన కుక్క. వీడు ఆ పట్టీకి నీలం రంగు వేసుకున్నాడు. దానికి ఆకలుండదు, ఏమీ అడగదు, వెంట వస్తుందంతే. దూరం వెళ్ళిపోతే పక్కన ప్రత్యక్షమవుతుంది. దెబ్బ తగిలితే తోక కిందికి వాలుతుంది, మాంసం పెడితే మళ్ళీ లేస్తుంది. గనిలో ఎవడో అస్థిపంజరం కనబడితే దాని మీదికి ఉరికి, పక్కనున్న లావాలో పడిపోయిందట.

"ఎముకలు ఉన్నాయి కదరా, ఇంకోదాన్ని తెచ్చుకో" అన్నాను. ఆ అడవిలో తోడేళ్ళన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వాడే ఒకసారి చూపించాడు.

"అది వేరే కుక్క అవుద్ది కదా మావయ్యా" అన్నాడు.

నా మటుకు నాకు, రోజూ ఏడ్చే టామ్ కంటే ఏమీ అడక్కుండా తోక చూపించే ఆ కుక్క మీదే ఎక్కువ జాలేసింది. అది పోగలదు కాబట్టే వాడు ప్రతి గుంత దగ్గరా వెనక్కి తిరిగి చూసుకునేవాడు. టామ్‌కి ఆ భయం లేదు. అలాగని ఇలాంటివన్నీ చిరంజీవులేం కావు, ఆకలికి చావకపోయినా కంపెనీ వాళ్ళు ఆట మూసేస్తే పోయేవీ ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో పెట్ సొసైటీ అని ఒక ఆట ఉండేది, 2008లో వచ్చింది, 2013 జూన్‌లో మూసేశారు. ఆడేవాళ్ళు ఆపద్దని సంతకాలు పెట్టి మొరపెట్టుకున్నారు, అయినా ఆపేశారు. పేర్లు పెట్టి బట్టలు వేసి ఇల్లు సర్దిన జంతువులన్నీ ఒక్క రోజులో లేకుండా పోయాయి. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా.

రాత్రి ఇంకో సమస్య వచ్చింది. పిల్లికి తిండి కొనే నాణేలు అయిపోయాయి. నాణేలు కావాలంటే అందులోనే చిన్న చిన్న ఆటలు ఆడాలి, అమ్మ వేళ్ళు అంత చురుగ్గా కదలవు. "నువ్వు ఆడి పెట్టు, అది పస్తు పడుకుంటుంది" అని ఫోన్ నా చేతిలో పెట్టి తను సీరియల్ చూసుకుంటోంది. మధ్యమధ్యలో ఎంత వచ్చింది ఎంత వచ్చింది అని అడుగుతోంది, వాయిదాల వాడి కంటే ఘోరంగా. ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు టేబుల్ మీద కట్ట విప్పకుండా ఉన్నాయి, రేపు ఇచ్చేస్తానని హెడ్‌మాస్టర్‌తో చెప్పాను. ఇంకో రెండు ఆటలాడితే చేపకి సరిపడా వస్తాయి.