మా మారుతి సియాజ్ కారుకి టైర్లు మార్చడానికి నాకు మూడు వారాలు పట్టింది – నా అనుభవం

దసరాకి హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తున్నాం, చౌటుప్పల్ దాటాక వాన మొదలైంది, పెద్ద వానేం కాదు, వైపర్ రెండో స్పీడ్‌లో పెట్టుకునేంత. చిట్యాల దగ్గర ముందున్న లారీ బ్రేక్ కొట్టింది, నేనూ కొట్టాను, బండి ఆగలేదు. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పాదం కింద టకటకా కొట్టుకుంటూనే ఉంది, బండి మాత్రం జారుకుంటూ పోతూనే ఉంది, చివరికి లారీ వెనక నాలుగైదడుగుల దూరంలో ఆగింది. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, మధ్యలో పాప. ముందు నా పక్కన నాన్న.

నాన్న ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయన అరవలేదు, తిట్టలేదు, సూర్యాపేట చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి ముందు బండి ఆపాక దిగి, స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పమన్నాడు, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని "ఇటు రా, లోపలి పక్క చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. బయటి నుంచి చూస్తే గాట్లు బాగానే కనిపిస్తున్నాయి కదా, లోపలి అంచు మాత్రం నున్నగా ఉంది, ఇంట్లో గచ్చు మీద చెయ్యి పెట్టినట్టు. ఇంకో విషయం కూడా చూపించాడు, టైరు మీద చెయ్యి లోపలి నుంచి బయటికి పాముతే మెత్తగా పోతుంది, బయటి నుంచి లోపలికి పాముతే రంపం పళ్ళలాగా గీసుకుంటుంది. "అలైన్‌మెంట్ పోయింది, టైరును తింటున్నది. ఎన్ని రోజుల నుంచి చూపియ్యలేదు రా?" అన్నాడు. అలైన్‌మెంట్ అంటే చక్రాలు పక్కకి తిరక్కుండా సరైన కోణంలో నిలబడేలా సరిచేయడం. నా దగ్గర జవాబు లేదు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా వాళ్ళు చూస్తారులే అనుకున్నాను, అంతే.

మా బండి 2018 చివర్లో కొన్న సియాజ్, టైరు సైజు 185/65 ఆర్ 15 (185 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు), దాంతో వచ్చిన టైర్లే ఇప్పటిదాకా, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. తిరిగొచ్చాక ఒక చిన్న గేజ్ కొన్నాను, గాట్లలో పెట్టి లోతు చూసేది, రెండొందలు కూడా కాలేదు. ముందు టైర్లు బయటి వైపు 4 మిల్లీమీటర్లు, మధ్యలో 3 పైన, లోపలి వైపు 1.7. కొత్త టైరుకి దాదాపు 8 ఉంటుంది. మన మోటారు వాహనాల రూల్స్‌లో కార్లకి 1.6 కంటే తగ్గకూడదు, గాట్ల లోపల అక్కడక్కడా చిన్న దిబ్బల్లాగా రబ్బరు ఉంటుంది చూడండి, ఆ దిబ్బ ఎత్తు కూడా అంతే, టైరు అరిగి దానితో సమానమైతే ఇక తీసేయాలి. కానీ వానలో 3 కిందకి వచ్చినప్పటి నుంచే తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఆ గాట్లు ఉన్నదే నీళ్ళని పక్కకి తోసేయడానికి, లోతు తగ్గేకొద్దీ నీళ్ళు పోయే దారి మూసుకుపోతుంది, టైరు రోడ్డు మీద కాకుండా నీళ్ళ మీద నడుస్తుంది. చిట్యాలలో జరిగింది అదే.

వెనక టైర్లు మాత్రం 4.5 ఉన్నాయి. సో ముందు రెండే మారిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను, ఖర్చు సగం. నాన్నకి ఫోన్ చేస్తే "కొత్తవి ముందరేసి, పాతవి వెనకనే ఉంచు, బస్సుకి మేం గట్లనే చేస్తుంటిమి, కొత్త టైర్లు ముందుకి, రీట్రెడ్ చేసినవి వెనక్కి" అన్నాడు. రీట్రెడ్ అంటే అరిగిన టైరు మీద మళ్ళీ కొత్త రబ్బరు వేయడం. ఇక్కడ నేను నాన్నతో మొదటిసారి బండి విషయంలో వాదించాను, నాలుగు రోజులు చదివి మరీ వాదించాను. బస్సుకి ఆయన చెప్పింది కరెక్టే, వెనక ఒక్కో పక్కన రెండేసి టైర్లుంటాయి, ఒకటి పేలినా రెండోది మోస్తుంది, ముందు ఒక్కటే, అది పోతే స్టీరింగే పోతుంది. కారుకి అలా కాదు. రెండే మారిస్తే కొత్తవి వెనక వేయమని టైర్ల కంపెనీలే చెప్తాయి, ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పే బండి అయినా సరే. ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్ళీ పట్టు దొరికే ఛాన్స్ ఉంది, వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, అప్పుడు మామూలు డ్రైవర్ చేసేదేం ఉండదు. ఇదంతా చెప్తే నాన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే గానీ, వెనక టైర్లు ఏ సంవత్సరంవో చూసినవా?" అన్నాడు.

చూడలేదు. వెళ్ళి ఫోన్ టార్చ్ వేసి వెతికాను. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస ఉంటుంది, దాని చివర నాలుగంకెలు, నా వాటి మీద 3418 అని ఉంది. 2018లో 34వ వారం అన్నమాట. ఇంకో మాట, ఈ నాలుగంకెలు చాలా టైర్లకి ఒక పక్కే ఉంటాయి, అది లోపలి వైపుకి ఉంటే బండి కిందకి దూరి చూడాల్సిందే, నేను అలాగే చూశాను. మొత్తానికి నా టైర్లు తయారై ఏడేళ్ళు దాటాయి. గాట్ల అడుగున సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్ళు కూడా కనిపించాయి, అంతకుముందు ఎన్నిసార్లు బండి కడిగినా నా కంట పడలేదు. రబ్బరు ఎండకి, వేడికి గట్టిపడిపోతుంది, లోతు ఎంతున్నా గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి చూపించుకోమని, పదేళ్ళయితే ఎలా ఉన్నా తీసేయమని మిషెలిన్ లాంటి కంపెనీలు చెప్తాయి, అది కూడా గరిష్ఠం. మన హైదరాబాద్ ఎండలో రోడ్డు మీద పార్కింగ్ చేసే బండికి అంతదాకా ఆగక్కర్లేదని నా అభిప్రాయం. నాలుగూ మార్చాలని డిసైడయ్యాను.

ఇక ఏ టైరు అనేది. ఫ్రెండ్స్‌ని అడిగితే ఒకడు ఎమ్మారెఫ్ అంటాడు, ఒకడు అపోలో, ఒకడు మిషెలిన్ తప్ప వేరేది వేయొద్దంటాడు. ముందు నాకు బాగా నచ్చింది లక్ష కిలోమీటర్లు వస్తాయని చెప్పే రకం. అప్పుడు కూర్చుని లెక్క వేశాను, ఏడేళ్ళలో 62 వేలు అంటే ఏడాదికి తొమ్మిది వేలు కూడా కాదు, లక్ష తిరగాలంటే నాకు పదకొండేళ్ళు పైనే పడుతుంది. అంటే నా వాడకానికి టైరు అరగడం కంటే ముందే ముసలిదైపోతుంది. ఎక్కువ కాలం అరగకుండా ఉండాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, గట్టి రబ్బరుకి తడిలో పట్టు కాస్త తగ్గుతుంది, నేను వాడుకోని మైలేజ్ కోసం నాకు కావాల్సిన పట్టుని ఎందుకు వదులుకోవాలి? ఏడాదికి ముప్ఫై, నలభై వేలు తిప్పే క్యాబ్ వాళ్ళకి ఆ టైర్లు నిజంగా పనికొస్తాయి, నాకు కాదు. నాన్నకి ఈ మాట చెప్తే "బండి ఆగకపోతే లక్ష కిలోమీటర్లు ఏం చేసుకుంటవ్ రా" అన్నాడు. చివరికి తడి రోడ్డు మీద బ్రేకింగ్ బాగుంటుందని, సౌండ్ తక్కువని వాడినవాళ్ళు చెప్పిన యోకోహామా ఒకటి, మిషెలిన్ ఒకటి లిస్టులో పెట్టుకున్నాను.

మొదటి షాపు మా ఇంటికి దగ్గర్లోనే. రేటు బాగా తక్కువ చెప్పాడు, నాలుగు తీసుకుంటే అలైన్‌మెంట్ ఫ్రీ అన్నాడు. టైర్లు బయటికి తెప్పించమన్నాను, లోపలికెళ్ళి తెచ్చి గోడకి ఆనించాడు, డేటు చూస్తే రెండు 2025వి, రెండు 2023 మార్చివి. "ఇదేంటన్నా" అంటే "గోడౌన్‌లో ఉన్న టైరుకి ఏం కాదన్నా, వాడితేనే కదా అరిగేది" అన్నాడు. నీడలో పెట్టిన టైరు రోడ్డు మీద తిరిగిన దానంత త్వరగా పాడవదు, అది నిజమే. కానీ ఆ ముక్క ముందే చెప్పి రేటు తగ్గించి ఉంటే అదొక దారి, కలిపి ఇచ్చేసి నేను అడిగాక చెప్పడం నాకు నచ్చలేదు. చాలా కోపమొచ్చింది. ఆరు నెలలు దాటినవి తీసుకోనని చెప్పి వచ్చేశాను.

రెండో షాపులో 185 బదులు 195/65 వేయించుకోమన్నాడు, బండి లుక్ మారిపోతుందని. ఇంటికొచ్చి లెక్క చూశాను. 185/65 ఆర్ 15 మొత్తం ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు, 195/65 అయితే 634, అంటే రెండు శాతం పెద్దది, మీటర్ 100 చూపిస్తుంటే బండి 102 మీద పోతుంటుంది. పెద్ద తేడా కాదు గానీ టైరు బరువు పెరుగుతుంది, మైలేజ్ తగ్గుతుంది, కంపెనీ చెప్పిన సైజు కాదని రేపు ఇన్సూరెన్స్ వాడు ప్రశ్న వేయొచ్చు. సైజు పక్కన ఉండే 88 హెచ్ కూడా చూసుకోవాలి, 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే 210 స్పీడు దాకా. మీ బండికి ఏది రాశారో దానికి తగ్గకూడదు, అంతే. నేను సైజు మార్చలేదు.

రేటు గురించి ఒక ముక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. నేను పది శాతం తగ్గుతుందనుకున్నాను, అలా కాదు. అసలు ధర 5,000 అనుకోండి, ముందు 6,400 అయ్యేది, ఇప్పుడు 5,900, అంటే ఎనిమిది శాతం లోపే తగ్గినట్టు. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తామనేవాళ్ళు ఉన్నారు, వద్దు, బిల్లు లేకపోతే రేపు టైరు ఉబ్బితే వారంటీకి వెళ్ళడానికి ఉండదు.

మూడో షాపులో యోకోహామా నాలుగూ ఒకే నెలవి దొరికాయి, రెండు నెలలు కూడా కాలేదు తయారై. ఆదివారం పొద్దున్నే పెట్టుకున్నాం, నాన్న సూర్యాపేట నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చేశాడు, నేను రమ్మనలేదు.

షాపులో ఆయన కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. కుర్రాడు పాత టైరు విప్పి, రిమ్ము అంచులో అంటుకున్న పాత రబ్బరుని బ్రష్‌తో గీకుతుంటే వంగి చూశాడు, "వాల్వులు కొత్తవెయ్యి బాబూ" అన్నాడు. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటుంది, అది టైరులో తేలిగ్గా ఉన్న చోటు, దాన్ని వాల్వ్ పక్కకి వచ్చేలా తిప్పి ఎక్కిస్తారు, మా కుర్రాడు అడక్కుండానే అలా పెట్టాడు, నాకు అప్పుడే ధైర్యమొచ్చింది. సబ్బు నీళ్ళు పూసి, గాలి కొడుతుంటే టైరు టప్ టప్ మని రిమ్ములో కూర్చుంది. బ్యాలెన్సింగ్‌లో, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా చూసేటప్పుడు, మూడు చక్రాలకి పది, ఇరవై గ్రాముల సీసం ముక్కలు సరిపోయాయి, నాలుగో దానికి 60 చూపించింది. టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కించమన్నాను, 25కి వచ్చింది. నట్లు మెషిన్‌తో బిగించాక చేత్తో పానా పెట్టి నాన్నే నాలుగు చక్రాలూ చూశాడు.

అలైన్‌మెంట్ చేసేముందు బండి పైకి లేపితే అసలు విషయం బయటపడింది. ఎడమ పక్క లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే కమ్మీ) రబ్బరు బుష్ చిరిగి ఉంది, కుర్రాడు చిన్న రాడ్ పెట్టి కదిలిస్తే ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. అది మార్చకుండా అలైన్‌మెంట్ చేస్తే కంప్యూటర్‌లో అంకెలన్నీ పచ్చగా వస్తాయి, పదిరోజుల తర్వాత కొత్త టైరుని కూడా తినడం మొదలుపెడుతుంది. ఎంతమంది ఇలా కొత్త టైర్లు వేయించి, ఏడాది తిరక్కముందే కంపెనీని తిట్టుకుంటున్నారో అనిపించింది. దయచేసి ఇదొక్కటి మాత్రం మర్చిపోకండి, పాత టైరు ఒక పక్కే అరిగి ఉంటే ఎందుకు అరిగిందో తెలుసుకోకుండా కొత్తది ఎక్కించొద్దు. రెండు పక్కలా బుష్‌లు మార్పించాను, మధ్యాహ్నం రెండయింది, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

పాత టైర్లు ఇస్తే ఒక్కోదానికి కొంత తగ్గిస్తామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. ఇలాంటివి గాట్లు మళ్ళీ చెక్కి, నల్ల రంగు పూసి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతారట, ఆయన సర్వీసులో అలాంటి టైరు పేలి పక్కకి పడ్డ బండ్లు చూశాడట. "ఎవడో బీదోడు కొనుక్కుంటడు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుంటడు" అన్నాడు. బ్లేడు అడిగి తీసుకుని నాలుగింటికీ పక్క గోడ కోసేశాడు, అప్పుడు వదిలాడు. షాపాయన ఏమీ అనలేదు.

సాయంత్రం వెళ్ళేటప్పుడు డిక్కీ తియ్యమన్నాడు. స్టెప్నీ పైకెత్తి చూశాడు, ఒక్కసారి కూడా వాడలేదు, కొత్త టైరు మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. వేలు పెట్టి అంకెలు వెతికి చదివాడు. 3418. గాలి చూపిస్తే పద్దెనిమిది పీఎస్ఐ ఉంది. గాలి కొట్టించి, దాని మీద సుద్దముక్కతో "పంచర్ షాపు దాకా మాత్రమే" అని రాసి, మూత వేసి, బస్టాండ్‌లో దింపమన్నాడు.