రెండు జట్ల లీగ్ నడవాలంటే

ఇంగ్లండ్ నైరుతి కొస నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్‌లో ఉన్నాయి సిల్లీ దీవులు. అయిదింట్లోనే మనుషులుంటారు, అందరూ కలిపి రెండు వేల పైచిలుకు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో జట్లు రెండే: గారిసన్ గన్నర్స్, వూల్‌ప్యాక్ వాండరర్స్. ప్రపంచంలోకెల్లా చిన్న లీగ్‌గా దీనికి పేరు. సెయింట్ మేరీస్ దీవిలో, పాత కోటగోడల లోపలున్న గారిసన్ మైదానంలో ఆదివారాలు ఆడతారు.

చలికాలమంతా ఎదుటి జట్టు మారదు. అందులో ఒకటి బలంగా ఉంటే నాలుగు వారాల్లో రెండోదానికి ఆట మీద ఆశ పోతుంది, మనుషులు రావడం మానేస్తారు. ఇద్దరే ఉన్నచోట ఒకరు మానేస్తే లీగే లేదు. అందుకే అక్కడ సీజన్ మొదట్లో ఇద్దరు కెప్టెన్లు కూర్చుని, ఉన్న ఆటగాళ్లందర్నీ మళ్లీ పంచుకుంటారు. నిరుడు గన్నర్స్‌కి ఆడినవాడు ఈసారి వాండరర్స్‌లో ఉండొచ్చు. ఈ లీగ్‌కి ప్రాణం ఈ పంపకమే అని నా నమ్మకం.

ఇలాంటిది మీరూ మొదలుపెడితే పంపకంలో ఒక్కటి చూసుకోండి. ఒకరి తర్వాత ఒకరు కోరుకుంటూ పోతే ప్రతి వరుసలోనూ మొదటివాడికే మెరుగైన ఆటగాడు దక్కుతాడు. మొదటివాడు ఒకర్ని, రెండోవాడు వరుసగా ఇద్దర్ని, మళ్లీ మొదటివాడు ఇద్దర్ని, ఇలా కోరుకోవాలి. గోల్‌కీపర్లను ముందే పక్కకు తీసి చెరొకర్ని ఇచ్చెయ్యాలి. లేకపోతే ఇద్దరు కీపర్లూ ఒకేవైపు పడి, రెండో జట్టులో చేతులు సరిగా ఆడనివాడు గోల్‌లో నిలబడతాడు. స్కోరు 9–1 అయ్యేది అక్కడే.

పాయింట్లు మామూలు లీగ్‌లాగే ఇస్తారు. గెలిస్తే మూడు, డ్రా అయితే చెరొకటి. కానీ ఇక్కడ పైన ఉన్న జట్టును ఇంకెవరూ ఓడించి మనకు సాయం చెయ్యరు. మూడు మ్యాచ్‌లు మిగిలి, తేడా పది పాయింట్లుంటే టైటిల్ తేలిపోయినట్టే. అప్పటికీ జనం రావాలంటే కప్పులుండాలి. సిల్లీలో ఫోర్‌డెక్ కప్, హోల్‌సేలర్స్ కప్ అని వేరుగా ఉన్నాయి. రెండు జట్లే కాబట్టి నేరుగా ఫైనలే! లీగ్‌లో వెనకబడ్డవాళ్లకు అదే పెద్ద ఆసరా.

ఇక మనుషుల కొరత. దీవుల్లో పదహారేళ్ల వరకే చదువుంది, పైచదువుకి పిల్లలు ఇంగ్లండ్ ప్రధాన భూభాగానికి పోవాల్సిందే. అంటే ఆట ముదిరే వయసుకి కుర్రాళ్లు ఊళ్లో ఉండరు. పైగా చలికాలంలో ప్రయాణికుల ఓడ తిరగదు, కాబట్టి బయటి నుంచి ఆటగాళ్లను రప్పించుకోవడం తేలిక కాదు. నిబంధనల ప్రకారం జట్టులో ఏడుగురి కంటే తక్కువమంది ఉంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదు. ఒకవైపు పదకొండు మంది, ఇంకోవైపు ఏడుగురు వచ్చినప్పుడు, ఇద్దర్ని అటు పంపి తొమ్మిది–తొమ్మిదిగా ఆడించడమే నయం. అది లీగ్ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది మాత్రం సీజన్ మొదట్లోనే రాసుకోవాలి, ఆ పొద్దున మైదానంలో కాదు.