దానం పట్టేవాడు దొరకాలి కదా

కాశీలో మా బాబాయికి మొదటి పేచీ ఆవు దగ్గర వచ్చింది. ఘాట్ మెట్ల పైన దూడతో సహా ఒక ఆవును కట్టి ఉంచారు. తోక పట్టుకుని, సంకల్పం చెప్పుకుని, ఆవుకు బదులుగా నిష్క్రయం అని కొంత డబ్బు పుచ్చుకునే బ్రాహ్మడి చేతిలో పెడితే గోదానం అయినట్టే. మా వెనక ఇంకో కుటుంబం అప్పటికే వరసలో ఉంది. "పొద్దుటినుంచి ఎంతమంది దానమిచ్చారో, ఆవు మాత్రం ఇక్కడే ఉంది" అని బాబాయి గొణిగాడు. పిన్ని ఊరుకుంటుందా? "నిజంగా ఆవునే ఇచ్చారనుకోండి, ఈ సందుల్లో ఆయన ఎక్కడ కట్టేసుకుంటాడు? మేతెవరు వేస్తారు?" అంది. నేను పిన్ని పక్షమే. పెరడు లేనివాడికి ఆవునివ్వడమంటే ఆయన మీద పగ తీర్చుకోవడమే.

మర్నాడు దశదానాలు. గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, బట్టలు, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు. భూమి ఎలాగూ తేలేం కనుక దాని బదులూ డబ్బే. కాశీలోనే స్థిరపడిన తెలుగు పురోహితుడు ఒక్కొక్కటీ చేయించి, ప్రతిసారీ చివర్న "న మమ" అనిపించి నీళ్ళు విడిపించారు. ఇక ఇది నాది కాదు అని. బలిచక్రవర్తి మాటిచ్చేశాక కూడా శుక్రాచార్యుడు కలశం కొమ్ములో దూరి నీళ్ళకు ఎందుకు అడ్డుపడ్డాడో అక్కడ కూర్చుంటే అర్థమైంది. ధార పడేదాకా వస్తువు ఇంకా మనదే మరి.

నువ్వుల దగ్గరకొచ్చేసరికి ఆయన వేరే ఒక పెద్దాయన్ని పిలిపించారు. "ఇచ్చేవాళ్ళు రోజూ వస్తారు బాబూ. నువ్వులు పట్టేవాళ్ళు దొరకడమే కష్టం" అన్నారు. దానం పట్టినవాడికి దాత పాపంలో వాటా వస్తుందని నమ్మకం. దాన్ని పోగొట్టుకోవడానికి ఆయన గాయత్రీ జపం చేసుకోవాలి. ఆ పెద్దాయన వచ్చి, పొట్లం అందుకుని, మంత్రం చెప్పి వెళ్ళిపోయాడు. దానమంటే ఇచ్చేవాడి గొప్ప అనే చిన్నప్పటినుంచి విన్నాను. ఆ పూట మాత్రం ఉపకారం చేసింది ఆయన, పొందింది మేము.

గదికి నడుస్తూ మన మాటలు నెమరేసుకున్నాను. భిక్ష వేస్తాం, దక్షిణ ఇస్తాం, కానుక సమర్పిస్తాం, మొక్కు చెల్లిస్తాం, అన్నం పెడతాం. వేసేటప్పుడు మన చెయ్యి పైనుంటుంది, సమర్పించేటప్పుడు కిందుంటుంది. చెల్లించడమైతే అచ్చంగా బాకీ తీర్చడమే, అందులో పుణ్యం ఊసే లేదు. నాకు నచ్చింది పెట్టడం. విస్తరి ముందు కూర్చున్నవాడి కోసం పెట్టేవాడే వంగాలి.

ఆ మధ్యాహ్నం మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామతారక ఆంధ్రాశ్రమంలో మాకలాగే పెట్టారు. డబ్బులెక్కడ కట్టాలని బాబాయి అడుగుతూనే ఉన్నాడు. ఊరికే తినడం ఆయనకు చేతకాదు. "ముందు కూర్చుని తినండి, తర్వాత ఎంత కావాలంటే అంత రాద్దురు గాని" అని పిన్ని కసిరింది. ఈ ఊళ్ళో భిక్ష దొరక్క వ్యాసుడంతటివాడే కాశీని శపించబోయాడు కదా. అప్పుడు అమ్మవారు ముత్తయిదువ రూపంలో పిలిచి, శిష్యులతో సహా కడుపునిండా భోజనం పెట్టింది. ఊరు విడిచి పొమ్మని శివుడన్నది ఆ తర్వాత. ముందు భోజనం, శిక్ష తర్వాత. ఆ వరస నాకెంతో ఇష్టం.

గయలో ఇచ్చేది వేరు, పుచ్చుకునేవాళ్ళు కంటికి కనబడరు. విష్ణుపాద ఆలయాన్ని ఇప్పుడున్న రూపంలో 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. పక్కనే ఫల్గు నది. ఒకప్పుడు ఇసుక తవ్వితే గాని నీళ్ళుండేవి కావు, 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక నిలుస్తున్నాయి. రాముడు సామాన్లకు వెళ్ళినప్పుడు సీతమ్మ చేతిలో ఏమీ లేక ఆ ఇసుకతోనే దశరథుడికి పిండం పెట్టిందంటారు. సాక్ష్యం చెప్పకపోయిన ఫల్గును శపించి, నిజం చెప్పిన మర్రిచెట్టుకు వరమిచ్చింది. అదే అక్షయవటం.

నాన్నకు, తాతలకు పెట్టడం అయ్యాక ధర్మపిండాలన్నారు. స్నేహితులు, ఇంట్లో పనిచేసినవాళ్ళు, పెట్టే దిక్కులేనివాళ్ళు, పశువులు, ఎవరికైనా పెట్టవచ్చు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అనాలి. ఆవు దగ్గర అంత పేచీ పెట్టిన బాబాయి ఇక్కడ ఆగలేదు. తన చిన్ననాటి మాస్టారు, వాళ్ళింట్లో పాలు పోసినాయన, కొవిడ్‌లో పోయిన ఆఫీసు వాచ్‌మన్, ఒకరి తర్వాత ఒకరు గుర్తొస్తున్నారు. పురోహితుడు విసుక్కోకుండా పిండి ఇంకొంచెం కలపమన్నాడు.

చివరికి అక్షయవటం దగ్గర ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలెయ్యాలి. ఎవరికీ ఇవ్వడం కాదు, మనం జన్మలో తినకపోవడమే. కాకరకాయ వదిలేసి వచ్చేవాళ్ళ గురించి అందరికీ తెలుసు, నేను పేర్లు చెప్పను. పిన్ని ఏకంగా కాఫీ వదిలేస్తానంది. తిరుగు ప్రయాణంలో మా గతేమిటని అందరం కలిసి ఆపాం. కాయల్లో దొండకాయ, పండ్లలో సీతాఫలం అని తేల్చుకుంది. బాబాయికి సీతాఫలమంటే ప్రాణం. ఆవిడ తినని పండు ఇక ఇంట్లోకి కొనేదెవరని ఆయనకు రైలెక్కాక గాని తట్టలేదు.