కీళ్లవాతం మందులు తగ్గించుకోవడం: నా అనుభవం

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: నొప్పుల్లేవు, వాపుల్లేవు, ఇంకా ఇన్ని మాత్రలెందుకు? అప్పటికి నా చీటీలో ఉన్నవి వారానికి ఒక్కసారి జబ్బుని అణిచే అసలు మందు మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ 5, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200, పొద్దున టిఫిన్ తిన్నాక ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 5, కాల్షియం. వీటిలో ముందు ఏది తగ్గించాలన్నదే తేల్చుకోవాల్సింది. చాలామంది కడుపులో తిప్పుతోందని మెథోట్రెక్సేట్ మానేసి, హాయిగా ఉంటోందని స్టెరాయిడ్ ఉంచుకుంటారు. చేయాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు.

నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు అణిగినట్టు కాదు. స్టెరాయిడ్ మీద ఉంటే నొప్పి ఎలాగూ తెలియదు. అందుకే రుమటాలజిస్టులు డాస్-28 అనే లెక్క కడతారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కీళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లు నొక్కి చూస్తారు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ, కలుపుతారు. మనకెలా ఉందో మనం ఇచ్చే మార్కు కూడా అందులో చేరుతుంది. స్కోరు 2.6 కంటే తక్కువుంటే జబ్బు అణిగినట్టు. అది కనీసం ఆరు నెలలు నిలబడితేనే తగ్గించే మాట. ఈ లెక్కలో పాదాలు లేవు, కాబట్టి చెప్పులు విప్పి వాటిని మనమే చూపించాలి. జబ్బుని గుర్తించడానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష ప్రతిసారీ చేయించడం మాత్రం డబ్బు దండగ. జబ్బు ఎంత అణిగిందో అది చెప్పదు. యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష పాజిటివ్ ఉన్నవాళ్లకి మందు తగ్గిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఆ పాత రిపోర్టు ఒకటి ఫైల్లో ఉంటే చాలు.

ఇంట్లో నేను రాసుకున్నవి రెండే: పొద్దున లేచాక వేళ్లు ఎన్ని నిమిషాలకి వదులయ్యాయి, పాలగిన్నెని పట్టకారుతో ఒంటిచేత్తో దించగలిగానా. పిడికిలిలో పట్టు ఉందో లేదో రెండోదాంట్లో ఇట్టే తెలిసిపోతుంది.

ముందు తగ్గేది స్టెరాయిడే. మూడు వారాలు దాటి వాడితే ఒంట్లో సొంతంగా కార్టిసాల్ అనే హార్మోన్ తయారయ్యే పని మందగిస్తుంది, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. 5 నుంచి కిందికి నెలకి 1 మి.గ్రా. చొప్పున దిగాను. 1 మి.గ్రా. మాత్ర అన్ని షాపుల్లో ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. తగ్గించిన మొదటి రోజుల్లో ఒళ్లంతా నొప్పులు, నీరసం వస్తాయి. వాటిని జబ్బు తిరగబెట్టడంగా పొరబడి మళ్లీ పెంచేసేవాళ్లే ఎక్కువ. తేడా ఇదీ: జబ్బు తిరగబెడితే కీలు వాస్తుంది, పొద్దుటి బిగుతు పెరుగుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు ఉంటే అది కార్టిసాల్ చాలకపోవడం కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఈ సమయంలో ఆపరేషనో, గట్టి జ్వరమో వచ్చినా స్టెరాయిడ్ వాడిన సంగతి చెప్పి తీరాలి.

ఇక్కడే ఇంకో మాట. పేరూ ఊరూ లేని పొట్లాల్లో ఇచ్చే కీళ్లనొప్పుల పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే, అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. అది మింగుతూ చీటీలోది తగ్గిస్తే ఏ లెక్కా నిలవదు.

స్టెరాయిడ్ పోయాక కొన్ని నెలలు ఆగి మెథోట్రెక్సేట్ సంగతి. రెండూ కలిపి తగ్గిస్తే ఏది తగ్గించడం వల్ల తేడా వచ్చిందో తెలియదు. మూడు నెలలకోసారి 2.5 తగ్గించాం, ఎందుకంటే దీని ప్రభావం వారాల తర్వాత గానీ బయటపడదు. మాత్రల మీద ఉన్నంతకాలం సీబీపీ, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ (రక్తకణాలు, లివర్, కిడ్నీల పరీక్షలు) 8 నుంచి 12 వారాలకోసారి తప్పవు. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో లివర్ ఎంజైములు తాత్కాలికంగా పెరగొచ్చు, కాబట్టి రక్తం తర్వాతి డోసుకి ముందురోజు ఇవ్వడం మేలు. వికారమే బాధైతే రాత్రి భోజనం తర్వాత వేసుకోవడమో, ఇంజెక్షన్‌కి మారడమో డాక్టర్‌ని అడగాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వారం మాత్రని రోజూ వేసుకోవడం, ప్రాణాలే పోతాయి. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చాలా కంపెనీల్లో చిన్న పసుపు మాత్రలే. నా మెథోట్రెక్సేట్ స్ట్రిప్ మీద మార్కర్‌తో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి వేరే డబ్బాలో ఉంచుతాను. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాసినా, షాపువాళ్లు ఇచ్చినా తీసుకోకూడదు. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. పిల్లలకి ప్లాన్ చేసుకునేవాళ్లు దీన్ని ఎన్ని నెలల ముందు ఆపాలో డాక్టర్‌తో తేల్చుకోవాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని కదపలేదు. బరువులో కిలోకి రోజుకి 5 మి.గ్రా. దాటకుండా చూసుకుంటే చాలు, అంటే 50 కిలోలకి 250. ఇది కంటి రెటీనాని దెబ్బతీయొచ్చు కాబట్టి మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా కంటి పరీక్ష. కళ్లజోడు షాపులో అక్షరాలు చదివించడం దీనికి పనికిరాదు, ఓసీటీ (రెటీనా స్కాన్), విజువల్ ఫీల్డ్ (చూపు ఎంత మేర ఆనుతుందో చూసే పరీక్ష) చేయాలి.

ప్రెడ్నిసలోన్ పూర్తిగా పోయింది. మెథోట్రెక్సేట్ 10 దాకా బాగానే దిగింది, 7.5కి రాగానే కుడిచేతి మధ్యవేలి మెటిక వాచింది, సీఆర్పీ పెరిగింది. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ జోలికి పోకుండా డాక్టర్‌కి చూపించి మళ్లీ 10కి వెళ్లాను, కొన్ని వారాలకి వాపు దిగింది. ప్రస్తుతం అదే డోసు.