ఐదు చిరుగంటలు, ఒక వాలు పలక

ఫ్లోరెన్స్‌లో దిగినవాళ్లు ముందుగా ఉఫీజీ చిత్రశాల ముందు బారులు తీరతారు. నేను ఆ వరుసను దాటుకుని, ఆర్నో నది ఒడ్డునే ఉన్న గెలీలియో మ్యూజియంలోకి వెళ్లాను. బడిలో చదువుకున్నప్పుడు పాఠ్యపుస్తకంలో త్రిభుజంలా గీసిన వాలుతలాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఎన్నాళ్లగానో కోరిక.

పుస్తకంలో వేలెడంత ఉండే ఆ బొమ్మ ఇక్కడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూడవలసినంత పొడవున్న చెక్క పరికరం. గెలీలియో వాడినది కాదు. ఆయన నియమాన్ని చూపడానికి 19వ శతాబ్దం తొలినాళ్లలో చేయించినది. బంతి దొర్లే దారిపొడవునా ఐదు చిరుగంటలు, పక్కన సమానమైన వ్యవధిలో ఊగే ఒక లోలకం. పై గంటలు దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ ఎడమెడంగా ఉన్నాయి. సందర్శకుల కోసం చేసిన నమూనా మీద గైడు బంతిని వదులుతూ, "చూడకండి, కళ్లు మూసుకుని వినండి" అన్నారు.

విన్నాను. టింగ్... టింగ్... టింగ్... ఐదు మోతలూ తాళం వేసినట్టు సమానమైన వ్యవధిలో పడ్డాయి. కళ్లు తెరిస్తే, బంతి వదిలిన చోటు నుంచి ఒక్కో గంటకూ మధ్య దూరాలు మాత్రం 1, 3, 5, 7, 9 పాళ్లలో పెరుగుతూ పోయాయి. కాలం రెట్టింపైతే బంతి నాలుగు రెట్ల దూరం, మూడింతలైతే తొమ్మిది రెట్ల దూరం పోతుందని నేను ఎన్నిసార్లు బట్టీ పట్టానో! చెవితో వినడం మాత్రం అదే మొదటిసారి. ఒళ్లు జలదరించింది.

అసలు గెలీలియో వాలునే ఎందుకు పట్టుకున్నాడో అక్కడ నిలబడితే బాగా తెలుస్తుంది. 5 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా వదిలిన బంతి ఒక్క సెకనులో నేలను తాకుతుంది. సెకన్ల ముల్లు లేని రోజుల్లో ఆ ఒక్క సెకనును ముక్కలు చేసి కొలవడం ఎలా? అదే 5 మీటర్ల పలకను ఒక చివర పావు మీటరు మాత్రమే ఎత్తి దొర్లిస్తే బంతికి ఐదు సెకన్లకు పైగా పడుతుంది. భూమి లాగే బలంలో వాలు వెంబడి పనిచేసేది ఇరవయ్యో వంతే. అందులోనూ కొంత బంతిని గిరగిరా తిప్పడానికి ఖర్చవుతుంది. 1638లో లైడెన్‌లో అచ్చయిన పుస్తకంలో ఆయనే తన ఏర్పాటును వర్ణించాడు: సుమారు 7 మీటర్ల పలక, అందులో వేలి వెడల్పు గాడి, గాడిలో నున్నటి తోలుకాగితం, కంచు బంతి. కాలాన్ని కొలవడానికి సన్నటి ధారగా కారే నీటిని పట్టి తూకం వేసేవాడు. వందసార్లు చేసి చూశానని రాశాడు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

అదే మ్యూజియంలో మరో పరికరం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. పక్కపక్కన రెండు గాడులు, ఒకే ఎత్తులో మొదలై ఒకేచోట ముగుస్తాయి. ఒకటి తిన్ననిది, రెండోది ముందే నిటారుగా దిగి తర్వాత చదునయ్యే సైక్లాయిడ్ వంపు, అంటే దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే గీత. వంపు దారి పొడవెక్కువ, అయినా దాని మీది బంతే ముందు చేరుతుంది. ఏ దారిలో బంతి అన్నిటికన్నా త్వరగా దిగుతుందో చెప్పమని 1696లో స్విస్ గణితజ్ఞుడు యోహాన్ బెర్నూలీ తోటి గణితజ్ఞులకు విసిరిన సవాలుకు జవాబు ఇదే. ఘర్షణను పక్కన పెడితే అడుగుకు చేరేసరికి రెండు బంతులకూ ఒకే వేగం, ఎందుకంటే దిగిన ఎత్తు ఒకటే. కానీ నిటారు దారిలో ఆ వేగం ముందుగానే చేతికొస్తుంది, మిగతా దారంతా దాని ఫలం దక్కుతుంది.

మర్నాడు ఊరికి దక్షిణాన ఉన్న ఆర్చెత్రీ కొండ ఎక్కాను. గృహనిర్బంధంలో గెలీలియో చివరి ఏళ్లు గడిపి, 1642లో కన్నుమూసిన ఇల్లు అక్కడే ఉంది. దారిలో ఇద్దరు చెరో సైకిల్ మీద తొక్కకుండా దిగుతూ కనిపించారు. వారిలో భారీ మనిషి బక్కపలచని తోడును అలవోకగా దాటిపోయాడు. బరువుతో పనిలేకుండా అన్నీ ఒకేలా పడతాయన్న మాటకు ఇది విరుద్ధం కాదు. ఆ మాట గాలి లేనిచోట చెల్లుతుంది. గాలి అడ్డుకునేది ఎదురొడ్డిన ఒంటి వైశాల్యాన్ని బట్టి. మనిషి బరువు పెరిగినంతగా ఆ వైశాల్యం పెరగదు కాబట్టి బరువైనవాడు నెగ్గుతాడు. గాలీ ఘర్షణా లేకపోతే, 20 మీటర్ల ఎత్తు దిగేసరికి ఇద్దరూ గంటకు 71 కిలోమీటర్ల వేగంతో పోతుండేవారు.

రైలుకు ఇంకా వ్యవధి ఉండటంతో మళ్లీ మ్యూజియానికే వెళ్లాను. ఒక సందేహం రాత్రంతా తొలిచింది: వాలు పెంచితే గంటలను మళ్లీ సర్దాలా? గైడు నవ్వి, నమూనా పలక పై కొసను మరికాస్త ఎత్తి బంతిని వదిలారు. మోతలు వడివడిగా వచ్చాయి, లోలకం వెనకబడింది. కానీ మోతకూ మోతకూ మధ్య వ్యవధి మళ్లీ సమానమే, ఒక్క గంటనైనా జరపనక్కర లేకపోయింది. వాలు వేగాన్ని మార్చింది కానీ 1, 3, 5, 7, 9ని ముట్టుకోలేదు. అంటే పలకను పూర్తిగా నిలబెట్టి బంతిని నేరుగా వదిలినా దూరాల పాళ్లు అవే. ఇంకొక్కసారి వదలమని అడిగి, ఈసారి కళ్లు మూసుకున్నాను.