స్పెంట్ వాష్‌కు ఫెంటన్: రంగు పోగానే పని అయిపోలేదు

మొలాసిస్ డిస్టిలరీలో ఆల్కహాల్ తీశాక మిగిలే వ్యర్థజలమే స్పెంట్ వాష్. అందులో సిఓడి (కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు లక్ష మిల్లీగ్రాములు ఉండటం మామూలే. అందులో నేరుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం శుద్ధ దండగ. గ్రాము సిఓడిని మొత్తం ఆక్సీకరించే పూర్తి లెక్క 2.125 గ్రాముల పెరాక్సైడ్, అంటే లీటరుకు 200 గ్రాముల పైమాటే. ముందు బయోగ్యాస్ డైజెస్టర్, తర్వాత ఏరేషన్ (గాలి ఊదడం). సూక్ష్మజీవులు తినగలిగింది తినేశాక మిగిలే ముదురు గోధుమరంగు మెలనాయిడిన్లది (చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి ఏర్పడే రంగు పదార్థాలు). ఫెంటన్‌ను, అంటే ఇనుము, పెరాక్సైడ్ కలిపి చేసే ఆక్సీకరణను, అక్కడ వాడాలి. ఇక వేరే దారులంటారా, అంత ముదురు నీటిలోకి యువి కిరణాలు దిగవు. ఓజోన్ రంగును త్వరగా విరగ్గొడుతుంది గానీ సిఓడి అంతగా కదలదు.

ఏరేషన్ దాటాక సిఓడి లీటరుకు 3,000 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పూర్తి లెక్క లీటరుకు 6.4 గ్రాముల పెరాక్సైడ్. జార్ టెస్టును (చిన్న జార్లలో మోతాదు తేల్చే పరీక్ష) అందులో సగంతో, 3.2 గ్రాములతో మొదలుపెట్టండి. బరువు లెక్కన 30 శాతం ద్రావణమైతే ఇది సుమారు 9.6 మి.లీ. ఇనుము పెరాక్సైడ్ బరువులో పదో వంతు, అంటే 0.32 గ్రాములు. ఏడు నీటి అణువులున్న ఫెర్రస్ సల్ఫేట్‌లో ఇనుము ఐదో వంతే కాబట్టి ఆ ఉప్పు 1.6 గ్రాములు తూచాలి. ఇంతకు ఎక్కువా తక్కువా మోతాదులతో మరికొన్ని జార్లు పెట్టండి. మోతాదు మితిమీరితే పెరాక్సైడైనా, ఇనుమైనా ఆక్సీకరణ చేసే హైడ్రాక్సిల్ రాడికల్స్‌నే మింగేస్తుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పిహెచ్ 3కు తేవాలి. డైజెస్టర్ నుంచి వచ్చిన బైకార్బనేట్ వల్ల కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ పొంగుతుంది. అందుకే జార్ సగానికి మించి నింపకండి. నురగ అణిగాక ఫెర్రస్ సల్ఫేట్, అది కరిగాక పెరాక్సైడ్, అదీ మూడు నాలుగు విడతలుగా వేసి గంటసేపు కలపండి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే పెరాక్సైడ్ ఊరికే ఆక్సిజన్‌గా ఎగిరిపోతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

తర్వాత సున్నపు తేటతో పిహెచ్ 8కి తెస్తే తుప్పురంగు ముద్దలు అడుగుకు దిగాలి. చిన్న బుడగలు పట్టుకుని పైకి తేలుతున్నాయంటే పెరాక్సైడ్ మిగిలిపోయిందన్నమాట. అదే నీటిని సిఓడి పరీక్షకు పంపితే అంకె తప్పుగా వస్తుంది: మిగిలిన ప్రతి మిల్లీగ్రాము పెరాక్సైడూ దాదాపు 0.47 మిల్లీగ్రాముల సిఓడిగా కనబడుతుంది. పెరాక్సైడ్ స్ట్రిప్ సున్నా చూపేదాకా కలుపుతూ ఉండండి.

మెలనాయిడిన్లు ఆమ్లంలో లేతగా, క్షారంలో ముదురుగా కనిపిస్తాయి. కాబట్టి రంగును పోల్చేముందు శుద్ధికి ముందూ తర్వాతా తీసిన రెండు నమూనాలనూ పిహెచ్ 7కు తెచ్చి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, 475 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో చూడాలి.

చాలామంది వదిలేసే జార్ ఒకటుంది: పెరాక్సైడ్ లేకుండా, అంతే ఇనుమును ఫెర్రిక్ సల్ఫేట్ రూపంలో వేసినది. మెలనాయిడిన్లలో కొంత భాగం ఆక్సీకరణ చెందకుండానే ఇనుముతో గడ్డకట్టి బురదలోకి పోతుంది. తగ్గుదలలో ఎక్కువ వాటా ఆ జార్‌లోనే కనిపిస్తే, ముందు గడ్డకట్టించి, తేరిన నీటికే ఫెంటన్ పెట్టండి. పెరాక్సైడ్ ఖర్చు అక్కడే తగ్గుతుంది.